గురువారం సూపు

జయశ్రీ పాట వినడానికని ఈ రోజుల్లో ఎవరూ పనిగట్టుకుని రారు. చలిమంట చుట్టూ కూర్చుని బొంగులో చికెన్ తినడానికి వస్తారు. అది కాలేలోగా ఎవరో ఒకరు పాడుతూ ఉండాలి గనక జయశ్రీ పాడుతుంది. అరకు ఊరు దాటాక కాఫీ తోటల పక్కనున్న రిసార్టులో సాయంత్రం ప్రోగ్రాం ఆవిడదీ, ఆవిడ భర్త ధనరాజుదీ. ముందు పక్క ఊరి ఆడవాళ్ళు వచ్చి థింసా నాట్యం ఆడి, శాలువాలు కప్పుకుని వెళ్ళిపోతారు. తర్వాత వీళ్ళు. అతను పాత సినిమా కమెడియన్ల గొంతులు చేస్తాడు. ఆవిడ పాత గాయనుల పాటలు పాడుతుంది. ఆఖర్న క్విజ్జు. గెలిచినవాళ్ళకి ఓ కాఫీ పొడి పొట్లం.

ఇదంతా వినడానికి బాగానే ఉంటుంది. రోజూ చేసేవాళ్ళని అడగాలి. యాభై ఎనిమిదేళ్ళ గొంతు డిసెంబరు మంచులో పైస్థాయికి వెళ్ళనని మొరాయిస్తుంది. మోకాళ్ళు స్టేజీ ఎక్కనంటాయి. వినేవాళ్ళేమో ఫోన్లలో తలలు దూర్చి కూర్చుంటారు. ఎక్కడ చప్పట్లు కొట్టాలో తెలియక కొందరు చరణం మధ్యలో కొట్టేస్తారు. జయశ్రీ వాళ్ళకీ ఓ నమస్కారం పడేస్తుంది. కోపం తెచ్చుకోవడానికైనా ఒంట్లో ఓపిక ఉండాలి కదా!

ఒకప్పుడు ఇలా లేదు. పార్వతీపురంలో ఆర్కెస్ట్రా పార్టీ అంటే వీళ్ళదే. ధనరాజు ఆవిడకి మేనమామ కొడుకు. బావ పక్కన పాడటం మొదలుపెట్టి, చివరికి బావనే చేసుకుంది. ఊరూరా గోడలమీద వీళ్ళ ఫొటోలుండేవి గానీ పేర్లుండేవి కావు. ఆర్కెస్ట్రాల్లో అదో ఆనవాయితీ, ఎవరి గొంతు చేస్తే వాళ్ళ పేరు ముందు జూనియర్ అని తగిలించి అచ్చేయించేవారు. ఆవిడ జూనియర్ జిక్కి, అతను జూనియర్ రేలంగి. కురుపాం జాతరకీ, పాచిపెంట తీర్థానికీ, సాలూరులో పెళ్ళిళ్ళకీ లారీ ఎక్కి వెళ్ళేవారు. ధనరాజు నోరు తెరిస్తే చాలు, ముందు వరసలో ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని పొట్టలు పట్టుకునేవారు. తర్వాత టీవీలొచ్చాయి, డీజేలొచ్చాయి. కీబోర్డు వాయించేవాడు సెల్‌ఫోన్ల షాపు పెట్టుకున్నాడు. డ్రమ్ములవాడు ఆటో కొనుక్కున్నాడు. వీళ్ళిద్దరికీ మరో పనేదీ చేతకాదు. కొండెక్కి వచ్చి ఈ రిసార్టులో పడ్డారు.

ఆర్కెస్ట్రా వాళ్ళు ప్రాణం పోయినా తప్పని పద్ధతులు కొన్నున్నాయి. స్టేజీమీద కాగితం చూసి చదవకూడదు. పాటైనా జోకైనా నోటికి రావాల్సిందే. కాగితం పట్టుకున్న కమెడియన్ని ధనరాజు మనిషికింద కూడా జమకట్టడు. అలాగే స్టేజీ మూగబోకూడదు. ఒకడు తడబడితే పక్కవాడు అందుకోవాలి. కమెడియన్ మాట మర్చిపోయాడనుకోండి, గాయని ఓ ఆలాపన ఎత్తుకుంటుంది. జనం అదీ ప్రోగ్రాంలో భాగమే అనుకుంటారు. ఆలోగా అతనికి మాట గుర్తొస్తుంది.

పోయిన వానాకాలం నుంచి జయశ్రీ ఆలాపనలు ఎక్కువయ్యాయి.

మొదట్లో ఎప్పుడో ఒకసారి. తర్వాత రోజూ. క్విజ్జులో ప్రశ్న అడిగి, దాని జవాబు మర్చిపోయేవాడు. అడిగిందే మళ్ళీ అడగబోయేవాడు. ఇంట్లో అన్నం తిని చెయ్యి కడుక్కుని, "ఏటే, ఇయ్యేల వంట సెయ్యవేటి?" అనేవాడు. బీపీ చూపించాలని అబద్ధం చెప్పి ఆవిడ విశాఖపట్నం తీసుకెళ్ళింది. డాక్టరు ఏవేవో పరీక్షలు చేసి, ఆవిడనొక్కదాన్నే లోపలికి పిలిచాడు. ఇది తగ్గే జబ్బు కాదమ్మా అన్నాడు. కొత్త సంగతులు ముందు పోతాయి, పాతవి చివర పోతాయి, మందులు వాడితే కాస్త నెమ్మదిస్తుంది, అంతే. తిరుగు ప్రయాణంలో ధనరాజు ఘాట్ రోడ్డు పొడవునా కండక్టరుని నవ్విస్తూనే ఉన్నాడు. జయశ్రీ కిటికీవైపు తిరిగి ఏడ్చింది.

అతనికి చెప్పలేదు. చెప్తే స్టేజీ ఎక్కడు. స్టేజీ ఎక్కని ధనరాజు ఎలా ఉంటాడో ఆవిడ కరోనా రోజుల్లో చూసింది. గోడవైపు తిరిగి పడుకునేవాడు. అన్నం తినమంటే లేచేవాడు కాదు. ఆ మనిషి చేతిలోంచి మైకు తీసేస్తే ఇక మిగిలేదేమీ లేదు. అందుకని ఆలాపనలతో నెట్టుకొచ్చింది. స్టేజీమీద పుట్టి పెరిగిన మనిషి కదా, ఎంత నేర్పుగా అందుకునేదంటే అతిథులకి అనుమానం రాలేదు, మేనేజరుకి రాలేదు. ఆఖరికి ధనరాజుకి కూడా రాలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

తను మర్చిపోతున్నట్టు అతనికి తెలియదు. తెలియదు గనక, పెళ్ళాం కావాలనే తన జోకుల్లో వేలు పెడుతోందనుకున్నాడు.

"ఏటే నీ గోల?" అన్నాడొకరోజు స్టేజీ దిగగానే. "నాను జోకు సెప్తంటే మద్దెలో నీ రాగాలేటి?"

"సలికి గొంతు పట్టేత్తంది బావా. కొంచెం సరిసేసుకున్నాను."

"సరిసేసుకోవాలంటే ఎనక్కెల్లి సేసుకో. జనం నా మొకం సూత్తన్నప్పుడు నీకేటి పని?"

ఇలా కొన్నాళ్ళు సాగాక, అతను నేరుగా మేనేజరు గదికి వెళ్ళి భార్యమీద ఫిర్యాదు చేశాడు. నవ్వొచ్చే సంగతే. జయశ్రీకి నవ్వు రాలేదు.

మేనేజరు సాయిదుర్గ అనకాపల్లి పిల్ల, హోటల్ మేనేజ్‌మెంట్ చదువుకుంది. చెడ్డది కాదు. పైవాళ్ళు ఒక్క మాట అంటే ఆ పిల్ల రోజంతా ఫోను చెవిన పెట్టుకుని తిరగాలి, అదీ దాని బతుకు. వంటింటి వెనక బల్లమీద జయశ్రీ పక్కన వచ్చి కూలబడింది.

"ఆంటీ, శనివారం స్వీడన్ నుంచి కాఫీ కొనేవాళ్ళు వస్తున్నారు. వాళ్ళతో హైదరాబాద్ కంపెనీవాళ్ళు కూడా. మా పైవాళ్ళు ఆ రోజు ప్రోగ్రాం చూస్తారట. నచ్చకపోతే జనవరి నుంచి ఇదంతా తీసేసి డీజే పెట్టేద్దామంటున్నారు. ఇప్పుడు అంకుల్ వచ్చి, ఆ రోజు నేనొక్కణ్ణే చేస్తాను, ఆవిడ ఎక్కితే నేనెక్కను అంటున్నారు. మీరు మధ్యలో పాడి చెడగొడుతున్నారట. నిజమేనా?"

నిజం జయశ్రీ నోటిదాకా వచ్చింది. చెప్పేస్తే ఎంత హాయి! ఇన్ని నెలల బరువు ఈ పిల్ల ముందు దించేసి, ఓ పూట కంటినిండా నిద్రపోవచ్చు. కానీ చెప్పిన మరుక్షణం అతని మైకు పోతుంది. చెప్పకపోతే శనివారం పదిమంది ముందూ పోవచ్చు. పోవచ్చు అనే మాటలో పోకపోవచ్చనే ఆశ ఒకటుంది కదా, ఆవిడ దాన్నే పట్టుకుంది.

"నిజమేనమ్మా," అంది. "తప్పు నాదే. సెనివారం ఆయనొక్కడే సేత్తాడు. నానెక్కను."

"మీరు ఫీలవ్వట్లేదు కదా?"

"ఫీలవడానికేటుంది? నాకూ ఒక పూట రెస్టు."

ఆ మాట అన్నాక ఆవిడకి ఒళ్ళు తేలికపడింది. తేలికపడినందుకు సిగ్గేసింది.

క్విజ్జు ప్రశ్నలు సాయిదుర్గే తయారుచేసి ఫోనుకి పంపింది. పాత కమెడియన్లు, గొప్ప గాయనులు, స్వీడన్ వంటలు, ఆకుపచ్చ రంగు. ఆకుపచ్చ ఎందుకంటే ఆ కాఫీ వాళ్ళకి పచ్చదనం అంటే పిచ్చి. ఆ రోజు అతిథులంతా ఆకుపచ్చ బట్టలే కట్టుకోవాలట. చుట్టూ ఇన్ని కొండలు పచ్చగా ఉంటే చాలదు కాబోలు.

శనివారం పొద్దున్న తమ గది ముందు ఎండలో కూర్చుని జయశ్రీ ప్రశ్నలు చదివింది. ధనరాజు గడ్డం గీసుకుంటూ జవాబులు చెప్పాడు.

"తెలుగు కమెడియన్లలో మొట్టమొదట పద్మశ్రీ అందుకున్నాయన?"

"మా గురువు రేలంగి. అదో పెశ్నా!"

"మొకంమీద నవ్వన్నదే లేకుండా లోకాన్ని నవ్వించిన అమెరికా ఆయన?"

"బస్టర్ కీటన్. మూగ సినిమాలు. ఇంకా సెప్పమంటావా?"

"జిక్కి అసలు పేరేటి?"

"కృష్ణవేణి. నిన్ను పక్కనెట్టుకుని నాకు తెలీకపోతే ఎలాగే!"

పాతవన్నీ అలా ధారగా వచ్చేశాయి. కొత్తవాటి దగ్గరే బండి ఆగింది. స్వీడన్ కోకిల అని పేరున్న గాయని జెన్నీ లిండ్ అని పదిసార్లు చెప్పించింది. గురువారం నాడు స్వీడన్‌లో ఇంటింటా బఠాణీ సూపు తాగుతారని చెప్పింది.

"బాగుంది. గురువారం మనోళ్ళు సెనగలు నానబెడతారు, ఆళ్ళు బఠాణీలు నానబెడతారు," అన్నాడు. "ఆకుపచ్చగా ఉంటాదేటి ఆ సూపు?"

"కాదు బావా, పసుపు. ఆళ్ళు పసుపు బఠాణీలేత్తారు. అందరూ ఆకుపచ్చంటారు, నువ్వు కాదనాల. అదే ఆ పెశ్నలో మెలిక."

"బాగుందే మెలిక."

గడ్డం కడుక్కుని వచ్చాక ఆవిడ మళ్ళీ అడిగింది. గురువారం నాడు ఏ సూపు? ధనరాజు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, "ఏ సూపేటి?" అన్నాడు. మధ్యాహ్నం దాకా ఆవిడ ఆ ఒక్క ముక్కా చెబుతూనే ఉంది. మిగతావి నిలిచినా నిలవకపోయినా ఇదొక్కటైనా నిలవాలని మొండిపట్టు పట్టింది.

పొద్దుగూకాక అతిథులు మంట చుట్టూ చేరారు. జయశ్రీ వంటింటి గుమ్మంలో ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. అక్కణ్ణుంచి స్టేజీ కనబడుతుంది, స్టేజీకి ఆవిడ కనబడదు. వెనక వంటమనిషి గాసి ఓ కేకుతో కుస్తీ పడుతున్నాడు. స్వీడన్‌వాళ్ళ కేకొకటి ఉందట, దాని ఒంటినిండా బాదంపిండి ముద్దతో చేసిన ఆకుపచ్చ పొర కప్పాలట. సాయిదుర్గ ఫోనులో బొమ్మ చూపించి చెయ్యమంది.

"సూడక్కా," అన్నాడు గాసి, "ఆల దేశంలో కేకుకి కూడా దుప్పటి కప్పుతారు. ఈ సలికి మా ఇంట్లో మనుసులకే సాల్డం లేదు."

ఇంకెప్పుడైనా అయితే జయశ్రీ నవ్వేది. ఆవిడ కళ్ళు స్టేజీ దాటడం లేదు.

ధనరాజు బాగా మొదలుపెట్టాడు. చాలా బాగా. పాత కమెడియన్ల గొంతులు ఒకదాని వెంట ఒకటి దించేశాడు. సాయిదుర్గ పక్కన నిలబడి ఇంగ్లీషులో చెబుతోంది గానీ, అవసరమే లేకపోయింది. అతని కనుబొమలే సగం చెప్పేశాయి. గాయనుల వంతు వచ్చేసరికి, పక్కన ఆవిడ లేదు గనక, తనే ఆడగొంతు పెట్టి జిక్కి పాటలా ఓ ముక్క పాడాడు. జనం ఘొల్లున నవ్వారు. జయశ్రీకి మనసు చివుక్కుమంది. తను జీవితమంతా పాడిన గొంతది, అతనికి అంత సులువైపోయింది. స్వీడన్ కోకిల ఎవరని అడిగితే ఓ తెల్లామె టక్కున చెప్పేసి గండం దాటించింది.

తర్వాత స్వీడన్ వంటలు.

"స్వీడన్ దేశంలో గురువారం నాడు ఏ సూపు తాగుతారు?"

తెల్లవాళ్ళు బఠాణీ సూపని అరిచారు. దాని రంగేటన్నాడు. హైదరాబాద్ వాళ్ళు ఆకుపచ్చ అన్నారు. కాదు, పసుపు అన్నాడు ధనరాజు. చప్పట్లు. జయశ్రీ ఊపిరి వదిలింది. పొద్దుటి కష్టం ఊరికే పోలేదు.

తర్వాతది ఆకుపచ్చ కేకు ప్రశ్న. ధనరాజు నోరు తెరిచాడు. మాట రాలేదు.

ఆ నిశ్శబ్దం ఆవిడకి బాగా తెలిసిందే. పీటమీంచి లేచింది. ఆలాపన గొంతులోకి వచ్చేసింది, పెదాలు విడిపోయాయి కూడా. నువ్వు ఎక్కితే నేనెక్కనన్న మాట అడ్డుపడింది. ఇప్పుడు అందుకుంటే అందరిముందూ మైకు కిందపడేసి దిగిపోతాడు. అందుకోకపోతే అలాగే నిలబడిపోతాడు. ఏం చేయాలో తోచక ఆవిడ గుమ్మం పట్టుకుంది.

ఇంతలో ధనరాజు మొహం వెలిగింది. గుర్తొచ్చేసింది! మైకు సర్దుకుని, ఎంతో గంభీరంగా అడిగాడు.

"స్వీడన్ దేశంలో గురువారం నాడు ఏ సూపు తాగుతారు?"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. వెనక కూర్చున్న ఓ పొడుగాటి ముసలి తెల్లాయన పగలబడి నవ్వి, బఠాణీ సూపని అరిచాడు. మంట చుట్టూ నవ్వులు లేచాయి. ధనరాజు నవ్వలేదు. వీళ్ళెందుకు నవ్వుతున్నారో అతనికి తెలియదు మరి. ఆ తెల్లబోయిన మొహం చూసి వాళ్ళు ఇంకా నవ్వారు. "దాని రంగేటి?" అన్నాడు. పసుపని అందరూ ఒక్కసారే అరిచారు. కాసేపాగి మళ్ళీ అడిగాడు. ఆకుపచ్చ రంగు ప్రశ్నలకి వచ్చాక కూడా, "స్వీడన్ దేశంలో..." అని మొదలెట్టాడు. ఈసారి తెల్లవాళ్ళతో సహా అంతా లేచి నిలబడి "గురువారం!" అని తెలుగులోనే అరిచారు. కడుపులు చెక్కలయ్యేలా నవ్వుతున్నారు. గాసి గరిటె పట్టుకుని గోడకానుకుని నవ్వుతున్నాడు. ఫోన్లు చూసేవాళ్ళెవరూ లేరు. పాచిపెంట తీర్థం తర్వాత ధనరాజుకి అంత నవ్వు దొరకడం జయశ్రీ చూడలేదు. జబ్బుని చూసి నవ్వుతున్నారర్రా, జబ్బుని, అని అరవాలనిపించింది. అరవలేదు. మళ్ళీ పీటమీద కూర్చుంది.

స్టేజీ దిగి వస్తూనే అతను ఆవిడని వెతుక్కున్నాడు. కళ్ళు మెరుస్తున్నాయి.

"సూసినావా? నువ్వు అడ్డం రాకపోతే ఎలా నవ్వినారో?"

"సూసినాను బావా. బాగా సేసినావు."

ఆదివారం పొద్దున్న సాయిదుర్గ పరుగులాంటి నడకతో వాళ్ళ గది దగ్గరికి వచ్చింది.

"అంకుల్, సూపర్! డీజే మాట ఇక లేదు. ఆ గురువారం కామెడీ మా పైవాళ్ళకి తెగ నచ్చేసింది. రోజూ అదే చెయ్యండి. ఆంటీ, మీరు మొదట్లో ఒక పాట పాడేసి రెస్టు తీసుకోండి, చాలు."

"ఏ గురువారం?" అన్నాడు ధనరాజు.

సాయిదుర్గ పొట్ట పట్టుకుని నవ్వింది. "చూడండాంటీ, ఇంకా చేస్తూనే ఉన్నారు!" అని, ఫోను మోగుతుంటే అలాగే నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

ధనరాజు ఆ పిల్ల వెళ్ళిన దారివైపే కాసేపు చూశాడు. తర్వాత భార్యవైపు తిరిగాడు.

"జయా, ఆ గుంట ఏటంటంది? నిన్న నానేటి సేసినాను?"

"అడిగిన పెశ్నే మళ్ళీ మళ్ళీ అడిగినావు."

"మళ్ళీ మళ్ళీనా? ఎందుకూ?"

అతని మొహంలో భయం కనబడింది. ఇన్నేళ్ళ కాపురంలో, కరోనా రోజుల్లో కూడా, ఆ భయం ఆవిడ చూడలేదు. చెప్పాలంటే ఇదే సమయం. అతనే అడిగాడు కూడా.

"నవ్వించడానికి," అంది జయశ్రీ. "నువ్వే ఆలోసించినావు. నాకు కూడా ముందు సెప్పనేదు."

భయం మెల్లగా తగ్గింది. "ఊఁ. నాకే తోసుంటాది," అన్నాడు. "మంచి అవిడియానే. మరి ఇయ్యేల మళ్ళీ సెయ్యాలి కదా, ఎలా సేసినానో ఒకపాలి సూపించు."

జయశ్రీ లేచింది. చెమ్చా ఒకటి మైకులా పట్టుకుని అతని ముందు నిలబడింది. ప్రశ్న అడిగింది. నోరు తెరిచి, మాట రాక ఆగిపోయింది. కళ్ళు వెతుకులాడాయి. తర్వాత ఏదో దొరికినట్టు మొహం వెలిగించుకుని, ఆ ప్రశ్నే మళ్ళీ అడిగింది. ఇన్ని నెలలుగా పక్కన నిలబడి చూసిన మొహమే కదా, ఒక్క వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చింది.

"ఓస్, ఇంతేనా? దీనికి నవ్వినారా జనం?"

"పడీ పడీ నవ్వినారు."

అతను చెమ్చా అందుకుని మొదలుపెట్టాడు. రెండోసారి అడిగేటప్పుడు కన్ను కొట్టాడు. అంతా చెడిపోయింది.

"అలా కాదు బావా. నిజంగా మర్సిపోయినట్టు అడగాల."

"అదే కస్టం, జయా. నాకన్నీ గుర్తుంటాయి కదా."

ఆవిడ మళ్ళీ అడగమంది. అతను అడిగాడు, ఆవిడ నవ్వింది. ఎదురుగా ఒకరైనా నవ్వకపోతే కమెడియన్‌కి సాధన సాగదు. చాలాసేపు అలా అతను అడుగుతూ, ఆవిడ నవ్వుతూ ఉన్నారు. ఆవిడకి దవడలు నొప్పెట్టాయి. ఇంక చాలని ధనరాజు చెమ్చా పక్కన పెట్టి, మొహం కడుక్కోవడానికి పంపు దగ్గరికి వెళ్ళాడు.

తిరిగొచ్చి పక్కన కూర్చున్నాడు. ఎదురుగా కొండమీద మంచు కరగడం చూశాడు. తర్వాత ఆవిడవైపు తిరిగి, ఎంతో గంభీరంగా అడిగాడు.

"జయా, స్వీడన్ దేశంలో గురువారం నాడు ఏ సూపు తాగుతారో తెలుసా?"

కన్ను కొట్టలేదు. ఎక్కడా తేడా లేదు, నిన్నటిలాగే ఉంది. సాధనకి అడిగాడో, నిజంగానే అడిగాడో ఆవిడకి తెలియలేదు. అయినా నవ్వింది.